ఉద్దెర పద్దుల్ల మన ఉద్యమం

జనగామల పాత దుకాణాల ముచ్చట తీస్తే మా ఈడోళ్లకు ముందుగాల యాదికొచ్చే మాట ఒక్కటే: ‘సేటూ, అమ్మ రాస్కొమ్మన్నది.’ చేతిల సంచి ఉండేది, జేబుల పైస ఉండకపోయేది. సేటు ఎర్ర అట్ట పుస్తకంల రాసుకొని, బెల్లం పొట్లం కట్టి, పైన వేలాడే దారపు ఉండ లాగి చుట్టి, కొసరుగ చిన్న ముక్క మన చేతిల పెట్టేటోడు. తూకంల తేడా లేదని కాదు, ధర కూడ ఓ రూపాయి ఎక్కువే. అయినా తండ్రి బాకీ కొడుకు కట్టేదాక ఆగిన దుకాణాలవి.

2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు! పంతుళ్లు, గుమాస్తాలు, ఆర్టీసీ కార్మికులు జీతాల్లేకుండ శిబిరాల్ల కూసున్నరు. మా గల్లీల వాళ్ల పొయ్యిలు వెలిగింది ఉద్దెర మీదనే. బంద్ అంటే ఆ సేటే తలుపులేసుకున్నడు, పోయిన గిరాకీ ఎవ్వలు కట్టిచ్చిర్రు?

2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. 2016ల జనగామ జిల్లా అయింది. త్యాగాల లెక్కలు చెప్పేటోళ్లు వేదికలెక్కిర్రు గని, ఒక్కనోట సేటు పేరు రాలేదు. సూపర్ మార్కెట్ల మిషను బిల్లు ఇస్తది, ఉద్దెర ఇయ్యది.

ఉద్యమ చరిత్ర రాసేటోళ్లు ఆ ఖాతా పుస్తకాలు వెతకాలె. ఏ ఉద్యోగి ఇంటికి ఎన్ని కిలోల బియ్యం పోయినయో తారీఖులతోని అండ్లనే ఉన్నది. మా గల్లీ సేటు కొడుకును అడిగిన. ‘దుకాణం ఖాళీ చేసిననాడే పాత పేపర్లోనికి అమ్మినమన్నా’ అన్నడు.