బడి గేటు నుంచి యాభై మీటర్లు

బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన తినుబండారాలను పిల్లలకు అమ్మకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. బడి లోపల వాటి ప్రచారమూ కూడదంది. సాయంత్రం గంట కొట్టే వేళకు మన పట్టణాల్లో ఏ బడి ముందైనా నిలబడితే ఆ నిబంధన గతేమిటో తెలిసిపోతుంది. గేటును ఆనుకునే కొట్టు, చూరు నుంచి దండల్లా వేలాడే చిప్స్ ప్యాకెట్లు, పిల్లల చేతికందే ఎత్తులో కూల్‌డ్రింకుల ఫ్రిజ్. పిల్లలు లావెక్కిపోతున్నారని ఉపన్యాసాలిచ్చే ముందు, ఉన్న నిబంధనను ఎందుకు గాలికొదిలేశారో ప్రభుత్వాలు చెప్పాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం, పురుషుల్లో 31.1 శాతం అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. తెలంగాణలో ఆ లెక్క 30.1, 32.3 శాతం. దేశ సగటు 24, 23 శాతం దగ్గరే ఉంది. అదే సర్వేలో, అయిదేళ్లలోపు పిల్లల్లో ఆంధ్రలో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదని తేలింది. తల్లి ఒళ్లు బరువెక్కి, బిడ్డ గిడసబారిపోయిన ఇళ్లు మన మధ్యే ఉన్నాయి. ఇది తిండి ఎక్కువైన వాళ్ల జబ్బని ఇంకా అనుకుంటున్నవారు ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. కంచం నిండా పాలిష్ పట్టిన తెల్లన్నం, కంటితుడుపుగా కాస్త పప్పు, ఆకలేస్తే గుడ్డు కన్నా చవకగా దొరికే అయిదు రూపాయల ప్యాకెట్. కడుపు నిండుతుంది, ఒంటికి కావలసింది అందదు.

పైగా మన ఒళ్ల తీరు వేరు. మన బిడ్డలు తక్కువ బరువుతో పుట్టినా ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువేనని పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం ఏనాడో గుర్తించింది. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రమే ముందుకొచ్చే తీరు మన ఇళ్లలో కొత్త కాదు. ఆ పొట్టలోని కొవ్వే కాలేయానికి పట్టి, ఇన్సులిన్ పనిని దెబ్బతీసి, మధుమేహానికీ గుండెపోటుకూ దారి వేస్తుంది. అందుకే పాశ్చాత్యులకు అధిక బరువు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును లెక్కించే సూచిక) 25 దగ్గర మొదలైతే మనకు 23 దగ్గరే మొదలవుతుందనీ, 25 దాటితే ఊబకాయమేననీ వైద్యులు లెక్కిస్తున్నారు. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాలి. దర్జీ టేపుతో ఎవరికి వారు ఇంట్లోనే కొలుచుకోవచ్చు.

పిల్లల విషయంలో మన కళ్లు మరీ ఆలస్యంగా తెరుచుకుంటున్నాయి. బొద్దుగా ఉంటే ముద్దొస్తాడంటాం, బరువు సంగతి ఎవరైనా ఎత్తితే దిష్టి తీస్తాం. మెడ చుట్టూ చర్మం నల్లగా, మందంగా మారితే మురికనుకుని సున్నిపిండితో రుద్దే తల్లులు ఎందరో. ఆ నలుపు ఎంత రుద్దినా పోదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది తొలి గుర్తు కావచ్చు. ఒకప్పుడు నలభై దాటినవారి రోగమనుకున్న రెండో రకం మధుమేహం ఇప్పుడు పదిహేనేళ్లకే కనిపిస్తోంది. కాలేయంలో కొవ్వు, గురకతో చెడే నిద్ర, మోకాళ్ల నొప్పి, ఆడపిల్లలకు త్వరగా రజస్వల కావడం, తర్వాత నెలసరి క్రమం తప్పడం, ఇవన్నీ దీని వెంట నడిచేవే. ఇక క్లాసులో పడే పేర్లు, సినిమాల్లో లావుపాటి పాత్ర కనబడగానే వినిపించే వెకిలి సంగీతం ఆ బిడ్డ మనసుకు చేసే గాయాన్ని ఏ రక్తపరీక్షా చూపించదు.

అలాంటి బిడ్డను 'నోరు కట్టుకో' అని మందలించడం అన్యాయం, వైద్యపరంగానూ తప్పు. ఎదిగే వయసులో పస్తులు పెట్టకూడదు. బరువు పెరగకుండా నిలిపితే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ చాలామందిలో ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది. అది ఇంటిల్లిపాదీ కలిసి చేయవలసిన పని. తండ్రి రాత్రి పదింటికి బిర్యానీ తెప్పించుకుంటూ కొడుకు ముందు కీరా ముక్కలు పెడితే కుదరదు. పెద్దల్లో ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తపోటు, చక్కెర మెరుగుపడతాయి. 2025లో మన మార్కెట్‌కు వచ్చిన, బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు కొందరికి నిజంగా అవసరమే, కానీ వైద్యుడి పర్యవేక్షణలోనే. రాష్ట్రంలో మూడోవంతు జనానికి సూది మందే సమాధానమనుకునే ప్రభుత్వం ఏదైనా ఉంటే అది బాధ్యత నుంచి తప్పుకుంటున్నట్టే.

ప్రభుత్వాల మాటకూ చేతకూ ఉన్న దూరం ఇప్పటికే చాలా ఉంది. 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక సర్వే అతిగా శుద్ధి చేసిన ప్యాకెట్ ఆహారంపై పన్ను పెంచాలని సూచించింది. ఫిబ్రవరిలో ప్రధాని వంటనూనె వాడకం 10 శాతం తగ్గించుకోమని జనాన్ని కోరారు. మేలో సీబీఎస్ఈ, ఏ తినుబండారంలో ఎంత చక్కెర ఉందో చూపే 'షుగర్ బోర్డులు' బళ్లలో పెట్టమంది. సెప్టెంబరు 22 వచ్చేసరికి బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీములపై జీఎస్‌టీ 18 నుంచి 5 శాతానికి, ప్యాకెట్ మిక్చర్లపై 12 నుంచి 5 శాతానికి దిగింది. కూల్‌డ్రింకులను 40 శాతం శ్లాబులో ఉంచడం మంచి నిర్ణయం, దాన్ని సమర్థిస్తున్నాం. ఇంటి ఖర్చు తగ్గించాలన్న ఉద్దేశాన్నీ తప్పుపట్టం. కానీ పిల్లల చేతుల్లోకి నేరుగా వెళ్లే సరుకును చవక చేయడం ప్రజారోగ్యానికి ద్రోహం. ఆ తగ్గింపును వెనక్కి తీసుకోవాలి.

ప్యాకెట్ మీద ముద్ర సంగతీ అంతే. చిలీ 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్రతి ప్యాకెట్ మీదా నల్లటి ఎనిమిది పలకల గుర్తు వేయించింది, పిల్లలను ఆకర్షించే కార్టూన్ బొమ్మలు తీయించింది, బళ్లలో వాటి అమ్మకం ఆపించింది. ఏడాదిన్నరలో తీపి పానీయాల కొనుగోళ్లు దాదాపు నాలుగోవంతు పడిపోయాయి. మన దగ్గర 2022లో వచ్చిన ముసాయిదా మాత్రం స్టార్ రేటింగు ఇస్తానంది. కాస్త పండ్లో గింజలో కలిపితే చక్కెర లోపం కొంత కప్పిపుచ్చి స్టార్లు పెంచే పద్ధతి అది. తల్లికి కావలసింది హెచ్చరిక. సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ఈ వ్యవహారం మూడు నెలల్లో తేల్చమంది, ఆ గడువు దాటిపోయింది. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు ఒక్కదానిలోనే 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. రోజు మొత్తానికి 25 గ్రాములు మించొద్దని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. ఈ రెండు అంకెలూ సీసా ముందువైపు పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఎందుకు ఉండకూడదు?

తిండితో పాటు కదలికా పోయింది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు గంట శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దగ్గర ఎనిమిదో తరగతిలోనే పీటీ పీరియడ్ లెక్కల సారు చేతికి పోతుంది, ఇంటర్‌లో చేరిన రోజున ఆట పూర్తిగా ఆగిపోతుంది. అపార్ట్‌మెంటు లాంటి కాలేజీ భవనాల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, నిద్ర అయిదారు గంటలు, హాస్టల్ గదిలో దాచుకున్న బిస్కెట్లు. ర్యాంకుల హోర్డింగుల మీద నవ్వే ఆ ముఖాల వెనక ఒళ్లు ఎలా ఉందో ఏ యాజమాన్యమూ అడగదు. విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలని 2009లోనే చెప్పింది. బడికి వర్తించే నియమం పదహారేళ్ల పిల్లలున్న జూనియర్ కాలేజీకీ వర్తించాలి. మైదానం లేని కాలేజీకి గుర్తింపు పొడిగించకూడదు. యాజమాన్యాలు గగ్గోలు పెడతాయి, పెట్టనివ్వాలి.

కొట్టు పెట్టుకుని బతికే చిన్నవాళ్ల పొట్ట కొడతారా అని అడుగుతారు. సరైన ప్రశ్నే. వాళ్లను తరమమనడం లేదు. ఉడికించిన పల్లీలు, జామకాయలు, మొక్కజొన్న పొత్తులు, పల్లీ పట్టీలు అమ్ముకునేవారికి మున్సిపాలిటీలు స్థలమివ్వాలి, రుసుము మాఫీ చేయాలి. జరిమానా పడాల్సింది ముందుగా గేటు దగ్గర తన బొమ్మతో ఫ్రిజ్ పెట్టించి సరుకు దింపే కంపెనీ మీద, పంపిణీదారు మీద.

వచ్చే జూన్‌లో బళ్లు తెరిచేలోగా రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ప్రతి బడి చుట్టూ 50 మీటర్ల గీత గీయించి, ఆహార భద్రతా అధికారులకు దాని బాధ్యత అప్పగించాలి. బళ్లకు వచ్చే బాలల ఆరోగ్య పరీక్షల బృందాలు ఎత్తు, బరువుతో పాటు నడుము కొలిచి, మెడ చూసి, తల్లిదండ్రులకు విడిగా చెప్పాలి, క్లాసు ముందు కాదు. తనిఖీ చేసిన బళ్లెన్ని, ఎత్తేయించిన ఫ్రిజ్‌లెన్ని, జరిమానా పడిన కంపెనీలేవి అన్న లెక్కను జిల్లాలవారీగా జులై నెలాఖరుకు ప్రజల ముందు పెట్టాలి.