కాలువకు అర్జీ, తెలుగుకు మహాసభ!



మన తెలుగు సంఘాల సభలకు మీరు వెళ్లియుంటారు. నేనూ వెళ్లాను. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, సాయంత్రానికి పది తీర్మానాలు. ఆ తీర్మానాల ప్రతులు హైదరాబాదుకు పోతాయి, అమరావతికి పోతాయి, ఢిల్లీకి పోతాయి. మన పిల్లవాడు చదివే బడి ఏ పంచాయతీలో ఉన్నదో ఆ పంచాయతీ కార్యాలయానికి మాత్రం ఒక్క ప్రతి పోదు.

అదే ఊరిలో వీధిదీపం ఆరిపోయినా, కొళాయికి నీరు రాకపోయినా, మురుగు నిలిచి దుర్వాసన కొట్టినా అప్పుడు మనకు పంచాయతీ దారి చక్కగా తెలుస్తుంది. అప్పుడు తెలుగు గుర్తుకు రాదు. తాలూకా కచేరి ఎదుట కూర్చున్న వారిచేత తమిళంలో ఒక కాగితం వ్రాయించి, అందులో ఏమున్నదో చదవకుండానే సంతకం చేసి ఇచ్చి వస్తాము. కాలువకు ఒక దారి, భాషకు మరొక దారి. తెలుగు బళ్లు మూతపడటానికి ప్రభుత్వాల చట్టాలు ఎంత కారణమో, మనం మన చేతులతో చేసుకొన్న ఈ విభజన కూడ అంత కారణమని నా అభియోగం. కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి.

తమిళనాడు ప్రభుత్వం 2006లో నిర్బంధ తమిళ విద్యా చట్టం చేసింది. 2006–07లో ఒకటవ తరగతితో ప్రారంభమై ఏడాదికొక మెట్టు చొప్పున ఎక్కి 2015–16 నాటికి అది పదవ తరగతిని చేరింది. పదేళ్ల వ్యవధి! పిడుగు పడినట్లు ఒక్కరాత్రిలో వచ్చిన విపత్తు కాదు. ఆ పదేళ్లలో న్యాయస్థానాలకు వెళ్లిన వారున్నారు, వారికి నమస్కారం. కానీ ఏటా జరిగే గ్రామసభలలో 'మా బడిలో తెలుగు ఏమి కాబోతున్నది?' అని లేచి అడిగిన ఊరు ఒక్కటైనా ఉన్నదా? కృష్ణగిరి జిల్లాలో నేను ఎరిగిన ఊళ్లలో లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రాష్ట్రంలో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైబడియున్నారు. లెక్కలలో ఇంతమందిమి, గ్రామసభ పుస్తకంలో ఒక్కరమూ లేము.

ఒక తెలుగు ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేస్తాడు. ఆ స్థానం ఖాళీగా ఉంటుంది. ఒక ఏడు గడుస్తుంది, రెండేళ్లు గడుస్తాయి. తెలుగు చెప్పేవారు లేరని పిల్లలు తమిళ విభాగానికో, ఆంగ్ల విభాగానికో మారుతారు. మూడవ ఏడు ఎవరైనా అడిగితే 'చదివే పిల్లలు లేరు, పోస్టు అవసరం లేదు' అని జవాబు. ఇందులో ఎవరిదో కుట్ర ఉన్నదని మనవారు ఆవేశపడతారు. నా అనుభవంలో కుట్రకంటె ఎక్కువ పని చేసేది ఖాళీ ఫైలు. అడిగినట్లు కాగితం లేకపోతే ఎవరూ అడగలేదనే అర్థం. 1949లో ప్రాంతీయ విద్యామంత్రుల సమావేశం ఒక ప్రమాణం పెట్టింది: బడి మొత్తంలో 40 మంది గానీ ఒక తరగతిలో 10 మంది గానీ ఉంటే ప్రాథమిక దశలో ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుని ఇవ్వాలని. ఆ పదిమంది మా వీధిలో ఉన్నారని వ్రాసి ఇవ్వవలసినది ఎవరు? అమరావతిలోని మంత్రిగారా?

ఇక మన హక్కు సంగతి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఎవరైనా తమ ఇబ్బందిని తీర్చమని కేంద్ర, రాష్ట్ర అధికారులలో ఎవరికైనా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా వినతిపత్రం ఇవ్వవచ్చును. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించాలని చెప్పే 350ఎ అధికరణం 1956లో చేర్చబడింది. మన వక్తలు వేదికలమీద వల్లించేది ఆ రెండవదానినే. మొదటిదానిని వాడినవారు అరుదు. తెలుగులో అర్జీ ఇస్తే తీసుకోరని మనమే ముందుగా నిర్ణయించుకొని, ఇవ్వడమే మానివేశాము. జవాబు కూడ తెలుగులోనే రావాలని ఆ అధికరణం అనలేదు. ఇంకొక జాగ్రత్త: 2005 నాటి సమాచార హక్కు చట్టం వేరు. దాని క్రింద దరఖాస్తు ఆంగ్లంలోనో, హిందీలోనో, ఆ ప్రాంతపు అధికార భాషలోనో ఉండాలి. ఈ రెంటినీ కలిపివేసి కచేరిలో వాదనకు దిగి భంగపడిన మిత్రులున్నారు.

చదవకుండా సంతకం పెట్టడం ఎంత పని చేస్తుందో మా ప్రక్క గ్రామంలో చూశాను. మూడు వీధుల వాడుక నీరంతా బడి గేటు ఎదుట నిలిచేది. వానాకాలంలో పసిపిల్లలు ఇటుకలమీద అడుగులు వేస్తూ బడిలోనికి రావాలి. తల్లులు డబ్బు ఇచ్చి అర్జీ వ్రాయించి ఇచ్చారు. కొన్ని నెలలకు జవాబు వచ్చింది: సదరు వీధికి తారురోడ్డు ముందే వేయబడియున్నది, కనుక మనవి ముగించబడినది. వ్రాసినవాడు 'రోడ్డు వసతి' అని వ్రాశాడు! మురుగు మాట లేదు, బడి మాట లేదు, ఏ వీధియో లేదు. 'మేము చెప్పింది అది కాదు సారూ' అన్నారు ఆ తల్లులు. చెప్పింది అది కాదు, సంతకం పెట్టింది మాత్రం దానికే.

తరువాత ఎనిమిదవ తరగతి తెలుగు పిల్లలచేత అదే విషయం వ్రాయించాము. నీరు ఎక్కడ మొదలై ఎక్కడ నిలుస్తున్నది, ఎన్ని అడుగుల పొడవు, ఎన్ని ఇళ్లవారు, ఎప్పటినుండి, గత అర్జీ ఏ తేదీన ఇచ్చినది, దానికి ఏమని జవాబు వచ్చినది. పిల్లలు టేపు పట్టుకొని కొలిచారు. ఒక పుట తెలుగు, దాని వెనుక తమిళ అనువాదం. అనువాదం చేసింది కూడ పిల్లలే, వారికి రెండు భాషలూ వచ్చు. ఈ విషయం మన వక్తలు మరచిపోతుంటారు. అక్టోబరు 2 గ్రామసభలో ఒక తల్లి లేచి తెలుగు ప్రతిని చదివింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. తమిళులైన ఇరుగుపొరుగు అమ్మలు కూడ దానిమీద సంతకాలు చేశారు. మురుగు వాసనకు మాతృభాష లేదు గదా! చదవడం ముగించి కూర్చోబోతూ ఆమె, 'బడికి తెలుగు అయ్యవారు లేక రెండేళ్లయింది, అది కూడ వ్రాసుకోండి' అన్నది. వ్రాసుకొన్నారు. కాలువ సగం దూరం వేశారు, మిగిలిన సగం మీద ఇంకా అడుగుతూనే ఉన్నారు. అయ్యవారు ఇంకా రాలేదు. కానీ విద్యాశాఖకు పంపడానికి ఇప్పుడు ఆ ఊరి చేతిలో గ్రామసభ తీర్మానం ఉన్నది. మన మహాసభలు ఇన్నేళ్లలో ఆ ఊరికి ఇవ్వలేనిది అదే.

'మేము ప్రభుత్వోద్యోగులము, అర్జీలలో తలదూరిస్తే ప్రవర్తనా నియమాలు ఊరుకుంటాయా?' అని ఉపాధ్యాయ మిత్రులు అడుగుతారు. మిమ్మల్ని సంతకం చేయమని ఎవరన్నారు? సంతకం తల్లిదండ్రులది. అర్జీ వ్రాయడం నేర్పడం మాత్రం మీ ఉద్యోగమే. లేఖారచన అన్ని తరగతులలోనూ ఉన్నది. మనం దానిని ఎట్లు చెబుతున్నాము? కుడిప్రక్క తేదీ, ఎడమప్రక్క సంబోధన, 'మా వీధిలో దోమలు ఎక్కువైనవి' అని నాలుగు వాక్యాలు, 'ఇట్లు తమ విధేయుడు'. పిల్లవాడు బట్టీపట్టి మార్కులు తెచ్చుకొంటాడు. వాడి వీధిలో నిజంగా దోమలున్నవో లేవో మనం అడగము. (ఒక పాత పద్ధతి అయ్యవారు నేటికీ పంచాయతీవారికి 'దివ్యసముఖమునకు' అని వ్రాయిస్తున్నారు. ఆ గుమాస్తా చదివితే ఎంత మురిసిపోతాడో!) ఆ లేఖను ఈ వారం నిజమైన వీధిమీద, నిజమైన తేదీతో వ్రాయించండి. 'తెలుగు చదివి ఏమి ప్రయోజనం?' అని అడిగే తండ్రికి మన వద్ద ఉన్న జవాబులలో అంతకంటె గట్టిది నాకు కనబడలేదు.

ఏ పని ఎవరి గడపలో అడగాలో కూడ పిల్లలకు చెప్పాలి, పెద్దలకు మరీ చెప్పాలి. త్రాగునీరు, వీధిదీపం, మురుగుకాలువ పంచాయతీవి. పట్టా, అడంగల్, ధ్రువపత్రాల దారి గ్రామ పరిపాలనాధికారిది. 1980లో వంశపారంపర్య కరణాల, మునసబుల పదవులు రద్దయిన తరువాత వచ్చిన ఉద్యోగమది. ఉపాధ్యాయ స్థానాలు విద్యాశాఖవి. ఎక్కడా తేలకపోతే సోమవారాలలో కలెక్టరు కచేరిలో జరిగే విన్నపాల దినం ఉన్నది. ఎక్కడ ఇచ్చినా రసీదు తీసుకోనిదే గడప దిగవద్దు.

'ఇప్పుడు ప్రెసిడెంటే లేడు గదా, ఎవరికి చెప్పుకోవాలి?' అని మరొక సాకు విన్నాను. 2019 డిసెంబరులో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిసి, పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లిన మాట నిజమే. గ్రామసభకు గడువు లేదు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ అందులో సభ్యులే. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలకు తోడు 2022లో మార్చి 22, నవంబరు 1 కూడ చేర్చారు. 500 లోపు జనాభా ఉన్న పంచాయతీలో 50 మంది, 3,000 వరకు 100 మంది వస్తే సభ చెల్లుతుంది. యాభై మందిలో పదిహేనుమంది తెలుగు తల్లులు వరుసగా కూర్చుంటే ఎట్లుంటుందో ఊహించండి. బడి యాజమాన్య కమిటీ సంగతి సరేసరి: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సభ్యులలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగంమంది స్త్రీలుండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయవలసినది ఆ కమిటీయే. ఆ ప్రణాళికలో మరుగుదొడ్డి, ప్రహరీగోడ ఉంటాయి. తెలుగు ఉపాధ్యాయుడు ఎందుకు ఉండడు?

ఇతర రాష్ట్రాల మిత్రులకు పేర్లు మారుతాయి, పని మారదు. కర్ణాటకలో గ్రామసభకు ముందు వార్డుసభ ఉన్నది, ఒడిశాలో పల్లీసభ ఉన్నది. యానాం పురపాలకం కనుక అక్కడ గ్రామసభ లేదు. పైగా 2006లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2011లో ముగిసిన తరువాత పుదుచ్చేరిలో స్థానిక ఎన్నికలే జరగలేదు. అక్కడి మిత్రుల పోరాటం వేరు, దానిని వారే వ్రాస్తే బాగుంటుంది.

వచ్చే గ్రామసభకు మీ వీధి నుండి ఒక పుట చాలు. పై సగంలో కాలువో, దీపమో, కొళాయో. క్రింది సగంలో మీ బడిలో తెలుగు చదివే పిల్లలెందరు, చదవగోరే ఇళ్లెన్ని, అయ్యవారి స్థానం ఎప్పటినుండి ఖాళీ. వెనుక తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో అనువాదం. తీర్మానాల పుస్తకంలో ఎక్కిందో లేదో సభ ముగియకముందే చూడండి, సంతకం చదివిన తరువాతనే చేయండి. అర్జీ నమూనా కావలసినవారు తమ బడి తెలుగు అయ్యవారిని అడగవచ్చును. ఆయనకు తీరిక లేదంటే ఎనిమిదవ తరగతి పిల్లలను అడగండి.