పదిశాతపు కట్టడి గడప బయటనే ఆగవలెనా?

పాత ఇంటిని బాగుచేయించుకొనబోయిన గృహస్థుడెవడో గుత్తేదారు చేతిలో మోసపోయినాడను వార్త వచ్చినపుడెల్ల, మన పత్రికల స్థిరాస్తి పుటలలో ఒకే హితోపదేశము పునర్ముద్రణము పొందుచుండును: నమ్మకస్థుని వెదకుము, మునుపు చేయించుకొన్నవారిని విచారింపుము, పైకమును విడతలుగా నిమ్ము. ఉపదేశమున దోషము లేదు. శాసనకర్తలు చేయదగిన పనిని గృహస్థుని జాగరూకతకు అప్పగించి చేతులు దులుపుకొనుటయే దోషము.

ఈ చర్చలో ఎవరును ఎత్తని అంకె యొకటి కలదు. అది పది శాతము. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము పదమూడవ సెక్షను ననుసరించి, అపార్టుమెంటు నమ్ము నిర్మాత, వ్రాతపూర్వకమైన విక్రయపుటొడంబడికను రిజిస్టరు చేయింపక మునుపు, కొనువానినుండి ధరలో పది శాతమునకు మించి పుచ్చుకొనరాదు. కోట్ల వ్యాపారము చేయు సంస్థకున్న ఈ కట్టడి, అదే అపార్టుమెంటులో కొన్నేండ్లకు స్నానాలగది పగులగొట్టి కొత్త టైల్సు పరచు గుత్తేదారునకు లేదు. అమ్మకముతో సంబంధములేని మరమ్మతులకు రిజిస్ట్రేషను అక్కరలేదని ఆ చట్టమే మూడవ సెక్షనులో మినహాయించినది. కావున అతడు సగము సొమ్ము ముందే యడిగినను అడ్డుకొను పది శాతము లేదు.

ప్రభుత్వము తన పనులకు ఇట్లు చెల్లించునా? ఇంజనీరు కొలిచి ఎం-బుక్కున, అనగా కొలతల పుస్తకమున, నెక్కించినగాని బిల్లు కదలదు. అందుండియు కొంత పూచీగా నిలుపుకొని, లోపములు బయటపడు గడువు తీరిన పిదపనే విడుదల చేయుదురు.

గుత్తేదారు పక్షమున న్యాయము బొత్తిగా లేదనలేము. సిమెంటునకును టైల్సునకును ముందే పైకము కావలెను. వారము తిరుగునప్పటికి తాపీమేస్త్రికిని కూలీలకును బట్వాడా చేయవలెను. అయినను, సామగ్రిని గృహస్థుడే కొని కూలిని మాత్రమే గుత్తకిచ్చు పద్ధతి మన యూళ్ల నున్నదే గదా! మనవారు పెక్కురు స్థిరపడిన కాలిఫోర్నియాలో, గృహ పునరుద్ధరణమునకు గుత్తేదారు సాధారణముగా తీసుకొనదగిన బయానా వేయి డాలర్లు, లేదా ఒడంబడిక మొత్తములో పది శాతము, వీనిలో ఏది తక్కువయో అదియే; ఆపైన జరిగిన పనివిలువకు మించి యడుగరాదు. మరల అదే పది శాతము! అందువలన అచ్చట వంటగదుల పని ఆగిపోలేదు.

వినియోగదారుల కమిషనులున్నవి గదా యని కొందరు సమాధానము చెప్పుదురు. గృహనిర్మాణము సేవయేయని లక్నో డెవలప్‌మెంటు అథారిటీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1993లోనే తేల్చినమాట నిజము. కాని నోటిమాటపై కుదిరిన బేరమున, ఫోనులో పంపిన పైకము తప్ప వేరు సాక్ష్యము లేనప్పుడు, ఎంత పనికి ఎంత సొమ్మని కమిషను దేనినిబట్టి నిర్ణయించును?

కావలసినవి రెండే వాక్యములు: వ్రాతపూర్వకమైన ఒడంబడిక లేనిదే పది శాతమునకు మించి పుచ్చుకొనరాదు, పిమ్మట కొలిచిన పనికే చెల్లింపు. ఈ రెండు వాక్యములు వ్రాయుటకైన తీరికలేని ప్రభుత్వములకు, జాగ్రత్తగా నుండుమని పౌరునకు బోధించు అర్హత యెక్కడిది? తన ఖజానాకు కొలతల పుస్తకమును, పౌరుని కష్టార్జితమునకు అదృష్టమును కాపలాపెట్టు పాలన పక్షపాతమే. దానికి మరియొక పేరు పెట్టి మర్యాద చేయవలసిన పనిలేదు.