ముందు అక్షర రక్షణ, పిమ్మట యంత్రోద్ధరణ

ఇల్లు అంటుకొనినపుడు బుద్ధిమంతుడైన గృహస్థు మొదట పసిబిడ్డలను వెలుపలికి తెచ్చును. గోడల సంగతి పిమ్మట చూచుకొనును. ఇంత తేటతెల్లమైన ధర్మము కంప్యూటరు విషయమునకు వచ్చునప్పటికి మనలో ఎందరికో తలక్రిందులగుచున్నది. యంత్రము కదలకున్నదనగానే "దీనిని ఎట్లు లేపుదుము?" అని ఆదుర్దా పడుదుమే కాని, "దీని కడుపులోని వ్రాతలు క్షేమముగా ఉన్నవా?" అని ఆలోచింపము. ఈ పొరపాటు చేసినవారిలో నేనును ఒకడను. కావున నా తోడి విద్యార్థులకును, పూజ్యులైన కళాశాల పాలక సంఘమువారికిని నాలుగు మాటలు మనవి చేయ సాహసించుచున్నాను.

గత సంవత్సరము వార్షిక సంచిక సిద్ధమగుచున్న దినములలో ఉర్దూ విభాగమువారు ఒక వృద్ధ కాతిబు సాహెబు గారిని కళాశాలకు ఆహ్వానించిరి. ఉర్దూ పుటలు చేతితో వ్రాయబడి రాతి అచ్చునకు పోవుచుండిన కాలమున వారు ఈ సంచికకు అనేక సంవత్సరములు వ్రాసిపెట్టినవారు. రెండు మధ్యాహ్నములు మా యెదుట కూర్చుండి, రెల్లు కలము చెక్కు విధమును, అక్షరము యొక్క కొలతలను, తమ గురువుగారి కోపమును, రాత్రులు దీపము క్రింద వ్రాసిన పుటల ముచ్చటలను చెప్పిరి. చుక్క పైనున్నపుడు 'ఖుదా' అగు మాట, అదే చుక్క క్రిందికి దిగినచో 'జుదా' అగునని చెప్పి నవ్విరి. నా సహాధ్యాయి ఒకడు వారి మాటలను వెంటవెంటనే కంప్యూటరులోనికి ఎక్కించెను. కాగితముపై వేరొక ప్రతి లేదు.

కొన్ని దినములకు ఒక ఉదయమున ఆ కంప్యూటరు లేవలేదు. పంకా తిరిగినది, తెరపై తయారీదారు ముద్ర కనబడినది, పిమ్మట నల్లని తెరపై ఒక వాక్యము నిలిచిపోయినది. బాగుచేయువానిని పిలుచుకొని వచ్చినవాడను నేనే. అతడు చూచి, "విండోస్ మళ్ళీ వేసేయమంటారా?" అని అడిగెను. నేను "సరే" అంటిని. సాయంత్రమునకు యంత్రము లేచినది. అందరము సంతోషించితిమి. ఓచరుపై సంతకమైనది. తెర తెరిచి చూడగా మా ఫోల్డరు లేదు! కాతిబు సాహెబు గారిని మరల అర్థింపవలెనని తలంచుచుండగనే వారు దివంగతులైరను వార్త వచ్చినది.

ఆ బాగుచేసినవానిని నిందించుటకు నాకు నోరు రాదు. యంత్రమును లేపుమని పిలిచితిమి, అతడు లేపెను. మాకు కావలసినది యంత్రము కాదు, అందులోని వ్రాత అని మేము చెప్పలేదు. చెప్పవలెనని మాకే తెలియదు. ఆ "సరే" అను మాట నాది.

కంప్యూటరు లేవకపోవుట వేరు, ఫైళ్ళు పోవుట వేరు. మీట నొక్కినంతనే విద్యుత్తు వచ్చును. 'బయాస్' అను మూల కార్యక్రమము మేల్కొని జ్ఞాపక ఫలకములను, తెరను, డిస్కును పరీక్షించును. అనంతరము డిస్కునుండి విండోస్ వంటి నిర్వాహక వ్యవస్థ మొదలగును. ఈ గొలుసులో ఏ లంకె తెగినను యంత్రము నిలిచిపోవును. కాని అందు ఎక్కువ లంకెలకు మన ఫైళ్ళతో సంబంధమే లేదు. గుమ్మము తలుపు బిగుసుకొనినంత మాత్రమున ఇంటిలోని ధాన్యము పాడైనదని ఎవరైన అందురా?

దీనికి లోకమెల్ల ఎరిగిన నిదర్శనము 2024 జూలై 19వ తేదీన కలిగినది. క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన సవరణ వలన సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు లేవలేక నీలి తెరతో నిలిచిపోయినవి. మన హైదరాబాదు విమానాశ్రయమునందు సైతము ప్రయాణికునికి చేతితో వ్రాసిన బోర్డింగు పాసు ఇయ్యవలసి వచ్చినది. అయినను ఆ యంత్రములలోని ఫైళ్ళు చెక్కుచెదరలేదు. సేఫ్ మోడ్‌లో ప్రవేశించి ఆ దోషమున్న ఒక్క ఫైలును తొలగింపగా యంత్రములు లేచినవి. ఆనాడు ప్రతి యంత్రమును ఫార్మాట్ చేసియున్నచో ఎంత నష్టము వాటిల్లియుండునో ఊహించుకొనుడు.

మరి మా ఫైళ్ళు ఎట్లు పోయినవి? గ్రంథాలయములో పట్టిక చీటి చింపినంతనే బీరువాలోని గ్రంథము మాయము కాదు. ఫైలును తుడిచినపుడు గాని, డిస్కును త్వరితముగా ఫార్మాట్ చేసినపుడు గాని సాధారణముగా నశించునది పట్టికయే. గ్రంథము అచటనే ఉండును. కాని పట్టికలో లేని తావు ఖాళీ తావే యని యంత్రము తలంచును. కొత్తగా విండోస్ వేసినపుడు అది అనేక గిగాబైట్ల సామగ్రిని ఆ తావులలో నింపును. పాత అక్షరములపై కొత్త అక్షరములు పడినవో, ఇక వానిని తెచ్చు ఉపాయము లేదు. నేటి ఎస్‌.ఎస్‌.డి. డిస్కులలో ఇంకొక చిక్కు గలదు. తుడిచిన తావులను 'ట్రిమ్' అను ఏర్పాటు వలన ఆ డిస్కు తనంతట తానే శుభ్రపరచుకొనును. కావున అందు పోయినది తిరిగి దొరకుట మిక్కిలి కష్టము.

మేము ఆలస్యముగా మేలుకొంటిమి. ఆ డిస్కును వేరొక కంప్యూటరునకు తగిలించి, ఫోటోరెక్ అను ఉచిత సాధనముతో వెదకితిమి. పేర్లు పోయిన ఫైళ్ళు వందలకొలది వచ్చినవి. క్రీడోత్సవపు ఛాయాచిత్రములు వచ్చినవి. బోనఫైడ్ పత్రముల నమూనాలు వచ్చినవి. ఒక తెలుగు వ్యాసము తెరువగా అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల వరుస కనబడినది. దానికి చెందిన పాత ఫాంటును వెదకి వేసిన పిదపగాని అది తెలుగని తెలియలేదు. కాతిబు సాహెబు గారి మాటలు మాత్రము రాలేదు.

కావున చేయవలసిన క్రమమేమి? ఇది గొప్ప ఇంజనీర్లకు మాత్రమే తెలిసిన విద్య కాదు. యంత్రము బొత్తిగా ఉలకకున్న ప్లగ్గును, తీగను, విద్యుత్ పెట్టెను పరీక్షింపవలెను. కాని ఆ విద్యుత్ పెట్టెను విప్పరాదు, ప్లగ్గు తీసిన పిదప కూడ అందు ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును. పంకా తిరిగి తెర వెలుగకున్న, విద్యుత్తు ఆపివేసి, జ్ఞాపక ఫలకమును తీసి దాని బంగారు వన్నె అంచును రబ్బరుతో మెల్లగా తుడిచి మరల బిగింపవలెను. తరచుగా ఇంతమాత్రముననే యంత్రము లేచును. గడియారము ప్రతి దినము పాత తేదీకి పోవుచున్నచో రూపాయి బిళ్ళవంటి చిన్న బ్యాటరీని మార్చిన చాలును. ఇవి అన్నియు ఫైళ్ళ జోలికి పోని చికిత్సలు.

యంత్రము లేచి విండోస్ మాత్రము రాకున్నచో, అచట ఆగవలెను. వేరొక కంప్యూటరుపై ముందుగా సిద్ధము చేసిన లినక్స్ పెన్‌డ్రైవుతో యంత్రమును లేపవచ్చును. అది డిస్కుపై ఏమియు వ్రాయకుండ అందలి ఫైళ్ళను చూపును. లేదా డిస్కును విప్పి, ఒక చిన్న తీగతో మరియొక కంప్యూటరునకు తగిలింపవచ్చును. ఫైళ్ళను వేరొక డిస్కునకు ఎత్తవలెను. అదే డిస్కుపై ఎన్నడును దింపరాదు. ఎత్తినవానిలో రెండు మూడింటిని తెరచి చూడవలెను. అది అయిన పిమ్మటనే విండోస్ సంగతి. డిస్కునుండి 'టిక్కు టిక్కు' మను శబ్దము వచ్చుచున్నచో మాత్రము వెంటనే విద్యుత్తు ఆపవలెను. హార్డు డిస్కులో చదువు ముల్లు తిరుగు పళ్ళెమునకు వెంట్రుక మందము కంటెను ఎన్నో రెట్లు తక్కువ ఎత్తున తేలుచుండును. అది తగిలినచో ప్రతి చుట్టునకును కొంత వ్రాత గీచుకొని పోవును. అట్టిదానిని ధూళి లేని గదులున్న నిపుణులకే అప్పగింపవలెను. ఇక నూతన యంత్రములలో బిట్‌లాకర్ అను తాళము ఉండవచ్చును. దాని 48 అంకెల తాళపుచెవి లేనిదే డిస్కు చేత ఉన్నను ఫైలు చేత లేనట్లే. ఆ అంకెలను కాగితముపై అచ్చొత్తి కార్యాలయపు బీరువాలో భద్రపరచుట ఒక్క నిమిషపు పని.

"ఇంత శ్రమ ఎందులకు? ఇపుడు అన్నియు క్లౌడ్‌లో ఉండును గదా!" అని కొందరు మిత్రులందురు. క్లౌడ్ మంచిదే, కాని ఇచట తుడిచినది అచటను తుడుచుకొని పోవు ఏర్పాట్లు గలవు. పైగా ఆ ఖాతా ఒక అధ్యాపకుని ఫోనుతో ముడిపడియుండి, వారు వేరొక చోటికి పోయినచో సంకేతపదమును వారి వెంటనే పోవును. "రెండు డిస్కులు కొనుటకు సొమ్మేది?" అని అడుగువారును గలరు. యంత్రమును బాగుచేయించుటకు సొమ్ము దొరకినపుడు, ఆ యంత్రము ఎందులకు ఉన్నదో దానిని కాపాడుటకు దొరకదనుట న్యాయము కాదు.

మన పెద్దలకు ఈ ధర్మము తెలియనిది కాదు. సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యమునకు పలు తాళపత్ర ప్రతులను సేకరించి, సరిపోల్చి, శుద్ధ ప్రతులు వ్రాయించెను. ఒక ప్రతిలో చెదలు తిన్న మాట మరియొక ప్రతిలో దొరకినది. 1888లో హైదరాబాదునందు వెలసిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ అరబ్బీ వ్రాతప్రతులను ఈ విధముగనే పరిష్కరించి ముద్రించుచు వచ్చినది. ఒకే ప్రతిగా మిగిలిన గ్రంథము గాలిలో దీపము వంటిది. తెలుగునకు కడపలోను, అరబ్బీకి ఈ నగరముననే ఇట్టి సేవ జరిగియుండగా, తెలుగు, ఉర్దూ భాషలలో వెలువడు మన సంచిక ఒక్క డిస్కును నమ్ముకొనియుండుట తగునా?

ప్రతి ఉన్నంత మాత్రమునను చాలదు. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థలో 'టాయ్ స్టోరీ 2' చిత్ర నిర్మాణ సమయమున పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞతో చిత్రములోని అధిక భాగము తుడుచుకొని పోయినది. దాచిన నకళ్ళను తీసి చూడగా అవియు సరిగా లేవు. శిశువు కలిగినందున ఇంటినుండి పనిచేయుచుండిన ఒక ఉద్యోగిని ఇంటి కంప్యూటరులోని ప్రతియే ఆ సంస్థను ఆదుకొన్నది. ప్రతిని అప్పుడప్పుడు తెరచి చూడవలెననియు, ఒకటి వేరొక చోట ఉండవలెననియు దీనివలన తెలియుచున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ముంచెత్తిన నగరమునకు ఈ రెండవ మాటను ఇంకొకరు చెప్పనక్కరలేదు.

కావున పాలక సంఘమువారికి నా విన్నపములు ఇవి. మొదటిది: ఏ కంప్యూటరునైనను బాగుచేయుటకు ఇచ్చునపుడు "ఫైళ్ళ ప్రతి తీయబడినది, తెరచి చూడబడినది" అను వాక్యము ఓచరుపై ఉండవలెను, దాని క్రింద సంతకము లేనిదే సొమ్ము చెల్లింపరాదు. రెండవది: రెండు వెలుపలి డిస్కులు కొని, ఒకదానిని కళాశాలలోను, రెండవదానిని వేరొక భవనములోను ఉంచవలెను. మూడవది: నెలకొక పర్యాయము ఇద్దరు విద్యార్థులు ప్రతులు తీసి, రిజిస్టరులో వ్రాయవలెను. నాల్గవది: సంచికలోని తెలుగు, ఉర్దూ వ్యాసములను పాత ఫాంట్లలోను, పాత ఇన్‌పేజ్ ఫైళ్ళలోను మాత్రమే కాక యూనికోడ్‌లో సైతము భద్రపరచవలెను. 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగునకు యూనికోడ్‌లో స్థానము లభించినది; ఇంకను మనము జాగు చేయుటకు కారణము కనబడదు.

విద్యార్థి మిత్రులారా! సంఘమువారు చేయవలసినది వారు చేయుదురు గాక. ఈ రాత్రియే మీ ప్రాజెక్టు వ్యాసమునకు, మీ తాతగారి ఛాయాచిత్రమునకు, మీ నాయనమ్మ కంఠధ్వనికి రెండవ ప్రతి ఉన్నదా యని చూచుకొనుడు. యంత్రము మీ చేత ఆగిపోయిన దినమున, బాగుచేయువాడు ప్రశ్న అడిగినపుడు, నావలె తొందరపడి "సరే" అనకుడు. "ముందు ఫైళ్ళు ఎత్తండి" అని చెప్పుడు.

ఆ రెండు మధ్యాహ్నములలో కాతిబు సాహెబు గారు చెప్పినదంతయు నేడు ఎచటను లేదు. నాకు స్పష్టముగా జ్ఞాపకమున్నది ఆ చుక్క సంగతి ఒక్కటే. అందువలన దానిని ఇందు వ్రాసితిని. ఇదైనను అచ్చులో నిలుచును గాక.