ప్లాస్టిక్ పూదండలో సంస్కృతి ఎక్కడ?

నిరుడు వేసవిలో కాలిఫోర్నియాలో మా అమ్మాయి ఇంట మూడు నెలలు ఉన్నాను. ఎనిమిదేండ్ల మా మనుమరాలిని సెలవులలో రెండు వారాల చిత్రకళా శిబిరంలో చేర్చారు. ప్రకృతి, హవాయి సంస్కృతి అన్నవి అక్కడ ఎన్నుకొన్న అంశాలు. ముగింపునాటి ప్రదర్శనకు నేనూ వెళ్లాను.

గోడలనిండా మందారాలు, తాబేళ్లు, కొబ్బరిచెట్లు, నిప్పులు కక్కే కొండలు. పిల్లల పనితనం ముచ్చటగా ఉంది; దానితో నాకు పేచీ లేదు. కాని అందరి మెడలలోను ప్లాస్టిక్ పూదండలు, నడుములకు ప్లాస్టిక్ గడ్డి పరికిణీలు!

"అమ్మడూ, ఈ పువ్వును ఆ దీవులవాళ్లు ఏమంటారే?" అని అడిగాను.

"హవాయి పువ్వు, తాతయ్యా" అన్నది.

ఉపాధ్యాయినిని అడిగితే, పిల్లలకు అంతదూరం అవసరం లేదని నవ్వి ఊరుకొన్నది. ఆ నవ్వుకు నా సమాధానం ఇది.

అవసరమే. మందారాన్ని ఆ భాషలో 'అలోఅలో' అంటారు. ఎంత తియ్యని మాట! ఎనిమిదేండ్ల పిల్లకు ఇది బరువా? ఆ మాట అక్కడి పిల్లల నోట నిలవడానికి ఎంత పోరాటం జరిగింది! 1893లో రాణి లిలియుఓకలానిని గద్దె దింపారు. 1896లో కొత్త ప్రభుత్వం బడులలో బోధన ఆంగ్లంలోనే సాగాలని చట్టం చేసింది. తల్లిభాష పలికిన పిల్లలు దండన లనుభవించారు. 1980ల నాటికి ఆ భాష మాట్లాడే పిల్లలు యాభైమంది కూడా లేని దుస్థితి. 1984లో కొందరు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి 'పూనానా లేఓ' అనే శిశుపాఠశాలను తెరచి, పసివాళ్లకు మళ్లీ ఆ భాషలోనే మాటలు నేర్పసాగారు. ఆ పేరుకు 'పలుకుల గూడు' అని అర్థం.

రెండు వారాల ఆటలో ఇంత చరిత్ర చెప్పగలమా అని అడుగుతారు. చెప్పనక్కరలేదు, చేయించండి. ఆ దీవులలో ఒక చెట్టు లోపలి బెరడును నానబెట్టి, కొయ్య సుత్తులతో సాగగొట్టి 'కాపా' అనే వస్త్రం తయారుచేసేవారు. వెదురు బద్దలపై చెక్కిన అచ్చులతో దానిమీద బొమ్మలు అద్దేవారు. పసుపు కొమ్ములనుండి పచ్చరంగు, కుకుయి గింజల మసినుండి నల్లరంగు తీసేవారు. వెదురూ పసుపూ కాలిఫోర్నియాలో దొరకవా? ఒక్క అచ్చు చెక్కిన పిల్ల వంద తాబేళ్లకు రంగు పూసిన పిల్లకంటె ఎక్కువ నేర్చుకొంటుంది. ఇక ప్రకృతి అంటారా? హులా నేర్చేవారు అడవిలో ఆకు కోసే ముందు పాటపాడి అనుమతి వేడుకొంటారు. ప్లాస్టిక్ పువ్వును ఎవరినడిగి కోస్తాము? పైగా ఆ గడ్డి పరికిణీ కూడా హవాయివారిది కాదు. 19వ శతాబ్దిలో గిల్బర్ట్ దీవులనుండి వచ్చిన కూలీలవెంట వచ్చినది.

ఇంతవరకు చదివి, పరదేశపు తప్పులెన్నడం సులువే అనుకొనేవారికి నా తప్పు కూడా చెప్పాలి. పదవీ విరమణకు ముందు నేను తెలుగు పండితుడుగా పనిచేసిన ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు మాట్లాడిన పిల్లలకు మాటకు రూపాయి చొప్పున జుల్మానా ఉండేది. వసూలు చేసినవారిలో నేనూ ఒకణ్ణి. అదే బడిలో ఏటా ఆగస్టు 29న పిల్లలకు పంచెలు, పరికిణీలు కట్టించి, థర్మోకోల్ గోపురం నిలిపి తెలుగు భాషా దినోత్సవం జరిపాము. సవర పిల్లలకు సవర భాషలోనే పుస్తకాలు వ్రాసిన గిడుగు రామమూర్తిగారి జయంతి అది! సభకు వ్యాఖ్యాతను నేనే.

అందుకే ఆ ప్లాస్టిక్ దండను చూడగానే గుర్తుపట్టాను. భాషను బడినుండి గెంటి, దాని వేషాన్ని మాత్రం వేదికకెక్కించడం నేను స్వయంగా చేసిన పని.

తల్లిదండ్రులారా, పిల్లలను ఇటువంటి శిబిరాలకు తప్పక పంపండి. కాని రుసుము చెల్లించే ముందు ఒక్క ప్రశ్న వేయండి: ఈ పువ్వును దాని సొంతవాళ్లు ఏమని పిలుస్తారో మా పిల్లకు చెబుతారా? చెప్పలేనంటే, ముందు మీరు నేర్చుకొని రండని అనండి.

మా మనుమరాలు తన బొమ్మకింద 'అలోఅలో' అని వ్రాసుకొన్నది. దానికింద, నేను అడగకుండానే, 'మందారం' అని తెలుగులో వ్రాసి, సున్నా సరిగా ఉన్నదా తాతయ్యా అని అడిగింది.