‘ఫ్రం హైదరాబాద్’ అని ఎవరు రాసుకుంటున్నరు?

ఎంకపల్లి పిలగాండ్ల ఫేస్‌బుక్ తెరిచి చూడున్రి. ‘ఫ్రం హైదరాబాద్’, ‘లివ్స్ ఇన్ హైదరాబాద్’. పుట్టింది ఎంకపల్లిల. బడికి పోయింది మొయినాబాద్‌కు. పొద్దున లేస్తే బీజాపూర్ రోడ్డు మీద బస్సు పట్టుకొని కొలువుకు పోతడు. పొద్దుగూకినంక మల్ల ఎంకపల్లికే వచ్చి, అమ్మ పెట్టిన బువ్వ తిని పంటడు. లోకానికి మాత్రం తనది హైదరాబాద్ అని చెప్పుకుంటున్నడు.

ఇంకో దిక్కు చూడున్రి. ఐతారం వస్తే పట్నం కార్లు మా దిక్కు మర్లుతయి. చేవెళ్ల తొవ్వల మర్రిచెట్ల కింద ఆగి ఒక ఫోటో. ఫాంహౌజ్ గేటు దాటినంక తలకు రుమాలు చుట్టుకొని, వేరేటోడు దున్నిన చెలకల నిలబడి ఇంకో ఫోటో. ఇన్‌స్టాగ్రాంల పేరు కింద రాసుకునేది ఏంది? ‘ఫార్మర్’!

నాగలి పట్టినోని కొడుకు పట్నపోడు అయిండు. పట్నం సారు రైతు అయిండు. ఇద్దరి ప్రొఫైళ్లు పక్కపక్కన పెట్టి, తెల్వనోన్ని పిలిచి, వీళ్లల్ల ఎంకపల్లి మట్టి ఎవనిదో చెప్పుమంటే ఏం చెప్తడు?

మేము కోపంతోనే రాస్తున్నం. కానీ ఆ పిలగాని మీద కోపం లేదు. ఊరు దాచుకునుడు వాడు పుట్టంగనే నేర్చుకోలే. మా ఇంటి పిలగాడు ఇంజనీరింగ్ కాలేజీల చేరిన మొదటి వారం పక్కోన్ని ‘యాడికెల్లి వచ్చినవ్?’ అని అడిగితే క్లాసంత నవ్విందట. ఆ నవ్వు యాడికెల్లి వచ్చింది? సినిమాల కెల్లి వచ్చింది. రౌడీకి, తాగుబోతుకు, ఎర్రిబాగులోనికి మన యాస ఇచ్చి, హీరోకు కోస్తా భాష పెట్టిన సినిమాలు ఏండ్లకేండ్లు చూసి పెరిగిన పిల్లలు నవ్వక ఏం చేస్తరు? ఆ రాత్రే మావోడు ప్రొఫైల్ల ఊరు పేరు మార్చిండు. మాకు రెండేండ్ల దాక తెల్వనే తెల్వదు. మేము గూడ తక్కువోళ్లం కాదు. సంబంధాలు చూసేటప్పుడు ‘హైదరాబాద్ పక్కనే’ అని చెప్పింది మేమే. ఎంత పక్కనో చెప్పలే.

‘ప్రొఫైల్ అబద్ధం చెప్పదు, మనిషి అసలు గుణం అండ్లనే కనపడతది’ అనే పండితులున్నరు. వాళ్ల మాట ఉత్తగనే కొట్టిపారేస్తలేం. 2010ల ‘సైకలాజికల్ సైన్స్’ పత్రికల ఒక పరిశోధన వచ్చింది. అమెరికా, జర్మనీల 236 మంది పడుచు పిల్లల ప్రొఫైళ్లు తీసి, వాళ్లను ఎన్నడూ చూడనోళ్లకు చూపించిన్రు. వాళ్లు కట్టిన అంచనాలు ఆ పిల్లలు కావాలనుకున్న రూపానికి కాదు, నిజంగ ఉన్న గుణానికే దగ్గర పడ్డయి. 2015ల ఇంకో లెక్క వచ్చింది. 86 వేల మందిని పరీక్ష చేసి, నువ్వు కొట్టిన లైకులు పది దొరికితే తోటి ఉద్యోగి కంటె, డెబ్బై దొరికితే దోస్తు కంటె, నూటయాభై దొరికితే ఇంటోళ్ల కంటె, మూడువందలు దొరికితే పెండ్లాం లేదా మొగని కంటె కంప్యూటరే నీ గుణం బాగ పసిగడతదని తేల్చిన్రు. గుణం సంగతి గంతే ఉండొచ్చు. నలుగురితోని కలిసేటోడా, ఒక్కడే ఉండేటోడా, కొత్తది అంటే సరదా ఉన్నోడా, ఇవన్నీ ఫోటోల తెలుస్తయి.

అయితే ఆ 2010 పరిశోధనలనే ఇంకో ముచ్చట ఉన్నది. గుణాలన్నిట్ల, చూసినోళ్లు పట్టుకోలేకపోయింది ఒకటే: మనాది. లోపలి గుబులు. పండితులకు అది ఐదు గుణాలల్ల ఒకటి. మా ఊళ్లకు అదే అసలు సంగతి. బోరు ఎండిపోయి బాకీ మీద బాకీ చేసిన రైతు మెడల దండతోని పెండ్లి ఫోటోల నవ్వుతనే ఉంటడు. దాన్ని చూసి ‘అసలు మనిషి గిట్లనే ఉన్నడు’ అంటే ఎట్ల నమ్మాలె?

ఇంతకూ ఇది ఫేస్‌బుక్ వచ్చినంక పుట్టిన రోగం కాదు. ప్రొఫైల్ అంటే ఏంది? ఎవడో గీసిచ్చిన ఖానాలు. అండ్ల పట్టిందే నువ్వు, పట్టంది నువ్వు కాదు. పేరు కాడనే చూడున్రి. మనకు ఇంటిపేరు ముందు, మనిషి పేరు ఎనుక. ఫేస్‌బుక్ ముందు పేరు, చివరి పేరు అని రెండు ఖానాలు గీసింది. తాతల నాటి ఇంటిపేరు తోక అయ్యి ఎనుకకు పోయింది. కొంతమందికి తోక అంటే కులం తోకనే, దాన్ని పెద్దక్షరాలల్ల తగిలించుకున్నరు. అమెరికాల ఆదివాసుల గతి ఇంకా అన్యాలం. వాళ్ల పేర్లు దొంగ పేర్ల లెక్క ఉన్నయని 2014, 2015ల ఖాతాలే ఆపేసింది ఆ కంపెనీ. లొల్లి అయినంక 2015 చివర్ల నిబంధన కొంచెం సడలించింది. తాత పెట్టిన పేరు అసలుదా నకిలీదా చెప్పే అధికారం కంపెనీకి ఎవడిచ్చిండు?

కాయిదం మీద ఒకటి, మనిషి ఒకటి. ఇది తెలంగాణకు కొత్త గాదు. 1919ల నిజాం ముల్కీ నిబంధనలు పెట్టిండు. కొలువు కావాలంటే ఈ నేల బిడ్డవై ఉండాలె, లేదంటే పదిహేనేండ్లు ఇక్కడ ఉండాలె. ముల్కీ సర్టిఫికెట్ అంటే ఆనాటి ప్రొఫైల్. వెంటనే దొంగ సర్టిఫికెట్లు పుట్టినయి. 1952ల విద్యార్థులు రోడ్డెక్కింది దాని మీదనే. ఆ సెప్టెంబర్ల హైదరాబాద్ సిటీ కాలేజీ కాడ పోలీసు తూటాలకు ప్రాణాలు పోయినయి. 1975ల రాష్ట్రపతి ఉత్తర్వులొచ్చి ‘స్థానికుడు’ అనే మాటకు లెక్క కట్టినయి. అది గూడ తప్పిపోయిందని 1985 డిసెంబర్ 30 నాడు సర్కారే 610 జీవో తీసింది. అది అమలు గాలేదని 2001ల గిర్‌గ్లానీ కమిషన్ వేసిన్రు. ఎక్కడోడో ‘నేను ఇక్కడోన్నే’ అని కాయిదం రాసుకున్నందుకు మూడు తరాలు కొట్లాడినం. 2014ల రాష్ట్రం తెచ్చుకున్నం. ఇప్పుడు ఇక్కడోడే ‘నేను ఇక్కడోన్ని కాదు’ అని రాసుకుంటున్నడు. ఏం చెప్పుకోవాలె?

ఆ ‘ఫార్మర్’ సారు కాడికి మల్ల వద్దాం. ఆయన ఫోటో జూసి నవ్వి ఊకుంటే సరిపోదు. సర్కారు కాయిదంల గూడ రైతు ఆయననే. 2018 మే 10 నుంచి రైతుబంధు పైసలు ఎవరి ఖాతాల పడ్డయి? పట్టా ఉన్నోని ఖాతాల. ఎకరానికి పంటకు నాలుగు వేలు, తర్వాత ఐదు వేలు. చెలకల చెమట కార్చిన కౌలుదారుకు గవ్వ రాలే. పాత పహాణీల ‘అనుభవదారు’ అని ఒక ఖానా ఉండేది, దున్నేటోని పేరు అండ్ల ఎక్కేది. 2020 అక్టోబర్ 29 నాడు మొదలైన ధరణిల ఆ ఖానా లేకుంట పోయింది. ఒక్క ఖానా తీసేస్తే దున్నేటోడు కంప్యూటర్ల మాయమైండు. 2025ల ధరణి పోయి భూభారతి వచ్చింది. అదే ఏడు మా మొయినాబాద్ మండలంల గోశాలకు భూమి తీసుకుంటమని సర్కారు వస్తే, తరాల నుంచి దున్నుకుంటున్నమని రైతులు అడ్డం నిలబడ్డరు. దున్నుతున్నోనికి చూపించుకునెటందుకు చేతుల కాయలే ఉన్నయి. కాయలకు ఏ ఫారంల ఖానా ఉన్నది?

జంట జలాశయాల కోసం 1996 మార్చిల 111 జీవో వచ్చి 84 ఊళ్లను కట్టేసింది. 2022 ఏప్రిల్ల దాన్ని సడలిస్తూ ఇంకో జీవో తెచ్చిన్రు. రియల్ ఎస్టేట్ మాటల ఎంకపల్లి ఊరు పేరు గూడ ఉండదు. ‘చిలుకూరుకు దగ్గర’, ‘ఓఆర్ఆర్‌కు ఇన్ని నిమిషాలు’. అమ్మేటోనికి ఊరు అడ్డం, పిలగానికి ఊరు సిగ్గు. ఇద్దరూ ఒకే పేరును తుడిపేస్తున్నరు. లాభం మాత్రం ఒక్కనికే.

‘ఎవని ప్రొఫైల్ వాని ఇష్టం, మీకేం నొప్పి?’ అనేటోళ్లకు ఒక మాట ఒప్పుకుంటం. ఊరు పేరు చెప్తే ‘ఏ వాడ?’ అని రెండో ప్రశ్న వచ్చే దేశం ఇది. ఇంటిపేరు చెప్తే పట్నంల కిరాయి రూం దొరకని పిల్లలున్నరు. వాళ్లు దాచుకుంటే వాళ్లను నిలదీసే హక్కు మాకు లేదు, అడగాల్సింది ఆ రెండో ప్రశ్న ఏసేటోన్ని. మేము మాట్లాడేది ఆ భయం లేనోళ్ల గురించి, ఉత్త నామోషీతోని ఊరిని తుడుచుకున్నోళ్ల గురించి.

ఊరు పేరు చెప్తే ఎవడూ దేకడనుకుంటున్నరా? జగిత్యాల జిల్లా లంబాడిపల్లిల గంగవ్వను చూడున్రి. బీడీలు చుట్టిన చేతులు, నెత్తి మీద కొంగు, అచ్చమైన ఊరి మాట. ‘మై విలేజ్ షో’ల ఆమె మాట్లాడితే అమెరికాల ఉన్నోళ్లు గూడ చూసిన్రు. 2020ల బిగ్‌బాస్ దాక పోయింది. ఆమె ఊరు దాయలే. (అందరూ ఆమెతోని నవ్విన్రా, ఆమెను జూసి నవ్విన్రా అన్నది మాకు ఇప్పటికీ అనుమానమే.) 2023ల ‘బలగం’ సినిమాను గదే యాసతోని థియేటర్లు నింపి మరీ ఏడ్చుకుంట చూసిన్రు గదా!

ఇది రాయకముందు మా పిలగానికి చదివి వినిపించినం. చాలాసేపు ఫోను కెల్లి తల ఎత్తలే. తర్వాత, ‘సరే, మారుస్త. ఇంగ్లీషుల ఎంకపల్లిని ఎట్ల రాయాలె? ‘ఇ’తోనా, ‘వై’తోనా? ఆధార్ల ఒకతీరు ఉన్నది, పాస్‌బుక్కుల ఇంకోతీరు’ అని అడిగిండు. మాకూ తెల్వలే. తెలుగుల రాయమన్నం.