చీటీలో దొరకని త్రోవ



సంవత్సరపు కడవరి రాత్రి ఆరాధన ముగియు వేళ మన సంఘములలో అనేక చోట్ల ఒక పళ్లెము వచ్చును. దానిలో వాగ్దానపు చీటీలుండును. ప్రతివాడును కన్నులు మూసికొని ఒకటి తీయును. దానిమీద అచ్చుపడిన వచనమే రాబోవు సంవత్సరమునకు దేవుడు తనకిచ్చిన మాటయని యింటికి కొనిపోయి గోడకు అంటించుకొనును. నేడు కొందరికి పళ్లెము కూడ అక్కరలేదు. ప్రతి ఉదయమును చేతిలోని ఫోనుకే వాగ్దానము వచ్చుచున్నది. బజారులో చిలుక తీసిన చీటీని చూచి నవ్వు మనము, ఆలయములో చిలుక పనిని మనమే చేయుచున్నాము. ఆ పళ్లెమును నేనును అనేక సంవత్సరములు ఈ చేతులతోనే పట్టితిని గనుక ఈ మాట ముందుగా నాకే తగులును.

కొన్ని యేండ్ల క్రిందట ఒక యౌవనుడు నాయొద్దకు వచ్చెను. చదువు ముగిసి మూడేండ్లయినది, ఉద్యోగము లేదు, తండ్రికి అప్పులు. ఏ త్రోవను పోవలెనో తోచక నలిగిపోయి యున్నాడు. అతని చేతిలో ఆ యేటి చీటీ యున్నది: యిర్మీయా 29:11. దేవుడు తన ప్రజల మేలును ఉద్దేశించుచున్నాడని చెప్పు వచనమది. "అయ్యగారూ, సంవత్సరము గడిచిపోయినది. దేవుడు అబద్ధమాడెనా? లేక నేను తప్పు చీటీ తీసితినా?" అని అడిగెను. ఈ ప్రశ్నకు అతడు దోషి కాడు. పళ్లెము పట్టినవాడనైన నేను దోషిని.

ఆ రాత్రి మేమిద్దరము ఆ అధ్యాయమంతయు చదివితిమి. ఆ మాట ఎవరికి వ్రాయబడినది? క్రీ.పూ. 597లో యెకొన్యా రాజుతో కూడ బబులోనునకు కొనిపోబడిన చెరవారికి. త్రోవ తెలియనివారనగా వారే గదా! దేవాలయము దూరము, స్వదేశము దూరము, రేపు ఏమగునో తెలియదు. ఆ దినములలో హనన్యా అను ప్రవక్త, రెండేండ్లలోనే అందరును తిరిగి వత్తురని యెరూషలేములో ప్రకటించెను. అది చెవులకు ఎంత యింపైన వాగ్దానము! యిర్మీయా వ్రాసిన ఉత్తరములోనో డెబ్బది యేండ్లని యున్నది. అది 11వ వచనమునకు ముందున్న 10వ వచనమే. అంతకు పైన, 5 మొదలు 7 వరకు, ఉన్నచోటనే ఇండ్లు కట్టుకొనుమనియు, తోటలు నాటుమనియు, బిడ్డలకు పెండ్లిండ్లు చేయుమనియు, తమ్మును చెరపట్టిన పట్టణము కొరకే ప్రార్థించుమనియు ఆజ్ఞ యున్నది.

చదువరీ, చీటీ కొరకు మనము వేయు కత్తెర ఎక్కడ పడుచున్నదో చూచితివా? డెబ్బది యేండ్లు క్రింద రాలిపోవును. ఇల్లును తోటయు ప్రార్థనయు రాలిపోవును. మేలు మాత్రము చీటీమీద మిగులును. యిర్మీయా పేరు పెట్టి మనము పంచునది హనన్యా మాటయే.

"మిలాను పట్టణపు తోటలో 386లో అగస్టీను గ్రంథము తెరచి, మొదట కంటబడిన వచనముచేతనే మారుమనస్సు పొందలేదా?" అని నీవు అడుగవచ్చును. నిజమే. అయితే ఆ అగస్టీనే తరువాత యొక లేఖలో, సువార్త పుటలు తిప్పి లోక వ్యవహారములకు చీటీ చూచుట దయ్యములను అడుగుటకన్న మేలేగాని, ఆ ఆచారము తనకు సమ్మతము కాదని వ్రాసెను. గాలు దేశపు ఆగ్ద్ పట్టణమున 506లో కూడిన సంఘ సభ అట్టి సోదెను నిషేధించెను. "అపొస్తలులు మత్తీయ కొరకు చీట్లు వేయలేదా?" అందువా? వేసిరి; అది పెంతెకొస్తునకు ముందు. ఆత్మ దిగివచ్చిన తరువాత వారు మరల చీట్లు వేసినట్లు అపొస్తలుల కార్యములలో ఎక్కడను లేదు. ఆసియలో త్రోవ మూయబడి, బితూనియలో త్రోవ మూయబడి, త్రోయలో దర్శనము కలిగినప్పుడు సహితము పౌలును అతని తోటివారును ఆలోచించి నిశ్చయించుకొనిరి.

ఒక విధవరాలు చీటీవలన ఓదార్పు పొందినదని నేనెరుగుదును. దానిని కాదనను. దేవుడు బిలాముతో గాడిదచేత మాటలాడించెను. అంతమాత్రమున మనము ప్రతి యేటను గాడిదయొద్దకు పోయి త్రోవ అడుగుదుమా?

మరి త్రోవ తెలియనివాడు ఏమి చేయవలెను? ఒక గ్రంథమును మొదటినుండి కడవరకు చదువవలెను. నిన్నెరిగిన, నీకు ముఖస్తుతి చేయని విశ్వాసియొద్ద కూర్చుండి మాటలాడవలెను. రేపటి దినమున నీవు చేయవలసినదని యిప్పటికే తెలిసిన పనిని చేయవలెను. తెలిసిన అడుగు వేయక తెలియని త్రోవను చూపుమని అడుగుట ప్రార్థన కాదు, సోమరితనము.

ఆ యౌవనుడు ఉత్తరమంతయు చదివి, "అయ్యగారూ, నాకు ఇల్లు కట్టుట, తోట నాటుట అనగా నేమి?" అని అడిగెను. తన తండ్రి పొలములో సగము బీడుగా నున్నదని తానే చెప్పెను. తొలకరికి ఆ బీడు దున్నబడెను. ఉద్యోగము ఆ యేడును రాలేదు. అయినను దేవుడు అబద్ధికుడా యని అతడు మరల అడుగలేదు.

సహోదర కాపరులారా, ఈ సంవత్సరాంతమున పళ్లెమును బీరువాలో పెట్టి, ప్రతి కుటుంబమునకు ఒక గ్రంథము పేరు చెప్పి చదివింతము. చదువరీ, త్రోవ మాకెట్లు తెలియునని తోమా అడిగినప్పుడు ప్రభువు అతనికి చీటీ నియ్యలేదు. తన్నుతానే మార్గముగా చూపెను. ఆయన వెంట నడువవలెను. మూసిన కన్నులు తెరచి నడువుము.